చివర సున్నా ఎందుకు వస్తోంది: ఒక బీపీ యాప్ మీద చేసిన యూజర్ రీసెర్చ్

ఇంట్లో మెషిన్‌తో బీపీ చూసుకుని, ఆ అంకెల్ని ఫోన్‌లో రాసిపెట్టుకునే యాప్ అది. మెషిన్ వేరు, యాప్ వేరు. రెండింటినీ కలిపే బ్లూటూత్ లాంటిదేమీ లేదు. మెషిన్ మీద పై అంకె, కింది అంకె చూసి మనిషే యాప్‌లో టైప్ చేయాలి. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆ పట్టిక తీసి చూపిస్తారు. ఆ పట్టిక చూసి డాక్టర్ మాత్ర మోతాదు పెంచవచ్చు, తగ్గించవచ్చు. అందుకే ఈ పనిని నేను మామూలు యాప్ పనిలా తీసుకోలేకపోయాను.

టీమ్ నన్ను పిలిచేటప్పటికే ప్రశ్న తయారుగా ఉంది. "జనం మూడు వారాలు వాడి మానేస్తున్నారు. ఏ ఫీచర్లు పెడితే ఉంటారో కనుక్కోండి." పద్ధతి కూడా తయారుగానే ఉంది. ఒక సర్వే, రెండు గ్రూప్ డిస్కషన్లు, మొత్తం నాలుగు వారాల టైమ్.

వాడేవాళ్లను గమనించి, వాళ్లతో మాట్లాడి ఏం అవసరమో తేల్చే మా యూజర్ రీసెర్చర్లకు, పద్ధతి ముందే ఖాయమైపోయి పని చేతికి రావడం కొత్త కాదు. అలాంటప్పుడు నేను అడిగే మొదటి మాట ఒకటే. "ఈ జవాబు వచ్చాక మీరు దేన్ని మారుస్తారు?" రిమైండర్లు పెంచాలా, గ్రాఫులు పెట్టాలా అన్నది తేల్చుకుంటామన్నారు. రెండూ స్క్రీన్ మీది సంగతులే. ఒక మనిషి కుర్చీలో కూర్చుని, చేతికి పట్టీ చుట్టుకుని, బటన్ నొక్కి, అంకె చూసి, ఫోన్ అందుకునే ఆ ఐదు నిమిషాల్ని టీమ్‌లో ఎవరూ దగ్గరుండి చూసినవాళ్లు కారు.

జవాబు ఎక్కడ ఉంటుంది

పద్ధతి ఎంచుకునేటప్పుడు నేను పద్ధతుల జాబితా ముందేసుకోను. ఈ ప్రశ్నకు జవాబు ఎక్కడ ఉండే అవకాశం ఉందో ముందు ఆలోచిస్తాను. కొన్ని జవాబులు మనిషి మాటల్లో ఉంటాయి. కొన్ని చేతుల కదలికలో ఉంటాయి, ఆ మనిషికే తెలియకుండా. కొన్ని నెలల తరబడి పేరుకున్న డేటాలో తప్ప కనబడవు. రీసెర్చ్ పద్ధతుల్లో ఏది దేనికి పనికొస్తుందో చూపిస్తూ క్రిస్టియన్ రోరర్ గీసిన పటం ఈ రంగంలో చాలామందికి తెలుసు. ఒక గీత మీద జనం చెప్పేది ఒక చివర, చేసేది రెండో చివర. ఇంకో గీత మీద ఎందుకు, ఎలా అన్నవి ఒకవైపు, ఎంతమంది, ఎంత అన్నవి మరోవైపు. టీమ్ అడిగిన సర్వే, గ్రూప్ డిస్కషన్ రెండూ ఆ పటంలో "చెప్పేది" వైపే పడతాయి. అంటే "చేసేది" వైపు మొత్తం ఖాళీగా వదిలేస్తున్నారు.

గ్రూప్ డిస్కషన్లు వద్దని ప్రోడక్ట్ మేనేజర్‌ను ఒప్పించడానికి కొంచెం కష్టపడ్డాను. అప్పుడు ఆయనకు రిచర్డ్ నిస్బెట్, తిమోతీ విల్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1977లో ప్రచురించిన ఒక ప్రయోగం గురించి చెప్పాను. ఒకేలాంటి నాలుగు జతల నైలాన్ మేజోళ్లు వరసగా పెట్టి, ఏది బాగుందో చెప్పమన్నారు. కుడి చివర ఉన్నదాన్ని ఎంచుకున్నవాళ్లు చాలా ఎక్కువ. ఎందుకని అడిగితే అల్లిక బాగుందనో ఇంకేదో చెప్పారు తప్ప, అది కుడి చివర ఉంది కాబట్టి అని ఒక్కరూ అనలేదు. వాళ్లు అబద్ధమాడలేదు. తమ చెయ్యి అటు ఎందుకు వెళ్లిందో వాళ్లకే తెలియదు. అడిగారు కాబట్టి నమ్మదగిన కారణం ఒకటి వెతికి ఇచ్చారు. "మా యాప్ ఎందుకు మానేశారు" అని అడిగితే వచ్చేది కూడా అలాంటి కారణమే. పైగా పదిమంది మధ్య కూర్చుని తన ఆరోగ్యం గురించి ఎవరు మాత్రం ఉన్నదున్నట్టు చెబుతారు?

ఇంత చెప్పీ నేనూ ఒక తప్పు చేశాను. ఏదో ఒకటి త్వరగా చూపించాలన్న టెన్షన్‌లో మొదటి వారమే నలుగురితో ఫోన్‌లో మాట్లాడాను. "మామూలుగా బీపీ ఎలా చూసుకుంటారు?" అని అడిగాను. నలుగురూ దాదాపు ఒకే మాట చెప్పారు. రోజూ పొద్దున్నే, కాసేపు కూర్చుని, చూసింది చూసినట్టు రాస్తామని. "మామూలుగా" అని అడిగితే జనం తాము చేసేది చెప్పరు, ఎలా చేయాలనుకుంటారో అది చెబుతారు. ఇది నాకు తెలియని విషయం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వైమానిక దళం కోసం పనిచేసిన జాన్ ఫ్లానగన్ ఆ అనుభవం నుంచి రూపొందించిన పద్ధతిని 1954లో వివరంగా రాశాడు. దాని కీలకం ఇదే. జరిగిన ఒక్క సంఘటనను పట్టుకుని అడగాలి, సాధారణంగా ఏం చేస్తారని కాదు. ఆ నాలుగు కాల్స్‌లో నేను ఆ పని చేయలేదు. వాటిని రిపోర్టులో లెక్కలోకి తీసుకోలేదని స్పష్టంగా రాశాను.

చివరి అంకె

తర్వాత లాగ్స్ దగ్గరికి, అంటే జనం రాసినవన్నీ యాప్‌లో నమోదై ఉన్న రికార్డుల దగ్గరికి వెళ్లాం. పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి, ఒట్టి అంకెలు, తేదీలు, టైమ్ మాత్రం ఇమ్మన్నాను. టీమ్ అప్పటిదాకా చూసింది రోజుకు ఎంతమంది యాప్ తెరిచారన్నదే. నేను డెవలపర్‌ను వేరే లెక్క అడిగాను. రాసిన ప్రతి రీడింగ్‌లో చివరి అంకె ఏమిటో లెక్కపెట్టమన్నాను.

ఆ లెక్క ఎందుకంటే, మెషిన్‌కు ఏ అంకె మీదా ప్రత్యేకమైన ఇష్టం ఉండదు. తగినన్ని రీడింగులు ఉంటే చివర సున్నా వచ్చే అవకాశం పదింట ఒకటి, ఏడు వచ్చే అవకాశమూ పదింట ఒకటి. మనిషి అలా కాదు. పాదరసం పరికరంతో చెవులతో విని బీపీ చూసే రోజుల్లో డాక్టర్లు, నర్సులే దగ్గరలో ఉన్న సున్నాకు సర్ది రాసేవారన్నది వైద్యంలో పాత సంగతి. అందుకే చివరి అంకెల లెక్క చూస్తే, రాసింది మెషిన్ చూపించిన అంకా, మనిషి తలలోంచి వచ్చిన అంకా అన్నది కొంత పట్టుబడుతుంది.

లెక్క వచ్చింది. సున్నాలు గుట్టలుగా ఉన్నాయి. 120/80, 130/80, 140/90. తర్వాత స్థానం అయిదుది. మూడు, ఏడు లాంటివి వాటితో పోలిస్తే ఎక్కడో కింద ఉన్నాయి.

గదిలో ఒక్కసారిగా మాట మారింది. "అంటే జనం అబద్ధాలు రాస్తున్నారన్నమాట" అన్నారు ఒకరు. ఇంకొకరు అప్పటికే పరిష్కారం చెప్పేస్తున్నారు. ప్రతి రీడింగ్‌కూ మెషిన్ ఫొటో తప్పనిసరి చేద్దామన్నారు. నేను రెండు వారాలు ఆగమన్నాను. సున్నాలు ఉన్నాయన్నంతవరకే లాగ్ చెప్పింది. ఆ సున్నా భయంతో వచ్చిందా, మతిమరుపుతో వచ్చిందా, బద్ధకంతో వచ్చిందా అన్నది లాగ్‌లో లేదు. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. ఫొటో తప్పనిసరి చేస్తే, ఏ తప్పూ చేయని మనిషిని కూడా మేం అనుమానిస్తున్నామని చెప్పినట్టవుతుంది.

ఏడు ఇళ్లు

ఇక ఇళ్లకు వెళ్లక తప్పలేదు. కారెన్ హోల్ట్జ్‌బ్లాట్, హ్యూ బేయర్ రూపొందించిన కాంటెక్స్‌చువల్ ఎంక్వైరీ పద్ధతిలో వెళ్లాం. అందులో నాకు బాగా నచ్చేది మనం ఏ హోదాలో వెళ్లాలన్నది. ప్రశ్నల కాగితం పట్టుకున్న అధికారిలా కాదు, పని నేర్చుకోవడానికి వచ్చిన శిష్యుడిలా వెళ్లాలి. ఆ ఇంట్లో బీపీ చూసుకోవడం ఎలాగో తెలిసిన గురువు ఆ మనిషే. మనం పక్కన కూర్చుని, చూస్తూ, అర్థం కానిచోట ఆపి అడగాలి.

వెళ్లేముందు రెండు విషయాలు తేల్చుకున్నాం. మొదటిది, మా కళ్లముందే 180/120 దాటిన ప్రమాదకరమైన రీడింగ్ వస్తే ఏం చేయాలి? మేం డాక్టర్లం కాదు. నోట్స్ రాసుకుంటూ ఊరుకోనూ కూడదు. టీమ్‌కు సలహా ఇచ్చే డాక్టర్‌గారితో మాట్లాడి, ఆ పరిస్థితి వస్తే రీసెర్చ్ అక్కడితో ఆపాలని, ఏం చెప్పాలో, ఎవరికి ఫోన్ చేయాలో ఒక కాగితం మీద రాసుకున్నాం. అంగీకార పత్రంలో కూడా ఆ మాట చేర్చాం. ఆ కాగితం బయటికి తీసే అవసరం రాలేదు. అయినా అది జేబులో లేకుండా నేను ఆ గడపలు తొక్కేదాన్ని కాదు.

రెండోది, మేం అక్కడ ఉండటమే. డాక్టర్ ఎదుట కూర్చుంటే కొందరికి బీపీ పెరుగుతుంది. ఇంట్లో కొలిస్తే తక్కువే ఉంటుంది. దీన్నే వైట్ కోట్ ఎఫెక్ట్ అంటారు. ఎవరైనా చూస్తుంటే మనిషి ప్రవర్తన మారుతుందని మేం ప్రతి ప్రాజెక్టులోనూ చెప్పుకుంటాం. ఇక్కడ ఆ మార్పు మెషిన్ మీదే కనిపించవచ్చు. అందుకే వచ్చిన అంకెల మీద మేం ఏ నిర్ధారణా చేయకూడదని ముందే అనుకున్నాం. చూడాల్సింది ఆ అంకె మెషిన్ నుంచి ఫోన్‌కు ఎలా ప్రయాణిస్తుందన్నది మాత్రమే.

మూడో ఇంట్లో అది నా కళ్లముందే జరిగింది. అరవై దాటిన ఒకావిడ. పట్టీ ఎడమచేతికి. బటన్ నొక్కారు. పట్టీ బిగిసి, వదిలింది. 137/84. ఆవిడ తల వంచి మెషిన్ వైపు చూశారు. "నూట ముప్ఫై... ఆగండి, కళ్లజోడు ఎక్కడ పెట్టానో." పట్టీ చేతికి ఉండగానే పక్కకు ఒంగి కుడిచేత్తో తడిమారు. కళ్లజోడు దొరికింది. ఫోన్ పక్కగదిలో చార్జింగ్‌లో ఉంది. పట్టీ ఊడదీసి, లేచి, తెచ్చుకుని, కూర్చుని, యాప్ తెరిచి, మళ్లీ మెషిన్ చూశారు. తెర ఖాళీగా ఉంది. వాడకుండా కాసేపు వదిలేస్తే ఆ మెషిన్ దానంతట అదే ఆఫ్ అయిపోతుంది.

ఆవిడ నావైపు చూడలేదు, తడబడనూ లేదు. రోజూ చేసే పనే కాబట్టి చాలా మామూలుగా 130/80 అని టైప్ చేశారు.

మెషిన్ మీద ఎం అని రాసిన చిన్న బటన్ ఒకటి ఉంటుంది. అది నొక్కితే ఆఖరి రీడింగ్ మళ్లీ వస్తుంది. ఏడు ఇళ్లలో ఆ బటన్ నొక్కిన మనిషి ఒక్కరే.

ఇంత చిన్న విషయం ఏ సర్వేలోనూ బయటపడదు. "మీరు సరైన అంకె రాస్తారా?" అని అడిగితే ఆవిడ నిండు మనసుతో అవుననే చెబుతారు. ఆవిడ దృష్టిలో అది సరైన అంకే. ఇక్కడ సున్నా అబద్ధం కాదు. ఆరిపోయిన తెరకూ పక్కగదిలోని ఫోన్‌కూ మధ్య జ్ఞాపకంలో మిగిలినంత మాత్రమే.

అయితే అన్ని ఇళ్లలోనూ కథ అదే కాదు. అయిదో ఇంట్లో ఒక పెద్దాయన మొదటి రీడింగ్ 151 వస్తే చూసి, దాన్ని పట్టించుకోకుండా మళ్లీ నొక్కారు. 146. మళ్లీ నొక్కారు. 139. ఆ మూడోది రాశారు. నేను అడిగాను, "మొదటి రెండూ ఎందుకు రాయలేదండీ?" ఆయన నేరుగా జవాబు చెప్పారు. "మొదటిది ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుందమ్మా, అది లెక్కలోకి రాదు. ఇక్కడ చూడు, ఒక్క గడే ఉంది. ఏదో ఒకటే రాయాలి కదా మరి."

కాసేపు నేను ఆ ఒక్క గడినే చూస్తూ ఉండిపోయాను. మొదటి రీడింగ్ తరచుగా కొంచెం ఎక్కువ రావడం నిజమే. నిమిషం తేడాతో కనీసం రెండుసార్లు చూసి సగటు తీసుకోవాలన్నది వైద్యులు ఇచ్చే సలహానే. అంటే ఆయన మళ్లీ మళ్లీ నొక్కడంలో తప్పు లేదు. మూడింట్లో ఒకటి ఎంచుకోక తప్పని పరిస్థితి మాత్రం మా యాప్ తెచ్చిపెట్టింది. ఎంచుకోమంటే, డాక్టర్ మాత్ర పెంచుతారేమోనన్న బెంగ ఉన్న మనిషి తక్కువదాన్నే ఎంచుకుంటాడు.

పద్నాలుగు రోజుల డైరీ, దాని హద్దు

ఏడు ఇళ్లలో చూసింది రోజూ జరుగుతోందా, మేం ఉన్నందువల్ల జరిగిందా అన్నది తేల్చాలి. అందుకు పన్నెండు మందితో డైరీ స్టడీ పెట్టాం. మెషిన్ బటన్ నొక్కిన ప్రతిసారీ తెరను ఫొటో తీసి పంపాలి. అంతే. రాతలు లేవు, రేటింగులు లేవు. డైరీ స్టడీలో మనం అడిగే పని పెరిగేకొద్దీ నాలుగో రోజు నుంచి జనం జారిపోతారు. అందుకే ఒక్క ఫొటోతో సరిపెట్టాను.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఫొటో తీయాలంటే ఫోన్ దగ్గర ఉండాలి. ఫోన్ దగ్గరుంటే మూడో ఇంటి ఆవిడకు వచ్చిన ఇబ్బంది రాదు. అంటే మేం కొలవాలనుకున్న దాన్నే మా పద్ధతి మార్చేస్తుంది. కాబట్టి ఈ డైరీని జ్ఞాపకం నుంచి రాయడం అన్న సమస్యకు వాడుకోలేదు. ఎన్నిసార్లు నొక్కుతున్నారు, అందులో ఏది యాప్‌లోకి వెళుతోంది అన్నంతవరకే వాడాం. పన్నెండు మందిలో తొమ్మిది మంది ఎక్కువ రోజుల్లో ఒకటి కంటే ఎక్కువసార్లు నొక్కారు. రాసింది చాలాసార్లు తక్కువదే, కొన్నిసార్లు ఆఖరిది. పెద్దాయన ఒక్కరే కాదని తేలింది.

"మూడు వారాలకు మానేస్తున్నారు" అన్న అసలు ప్రశ్న అప్పటికీ అలాగే ఉంది. దానికి డైరీ పనికిరాదు. నెలల మీద నడిచే అలవాటును పద్నాలుగు రోజుల కిటికీలోంచి చూడలేం. ఇక్కడ మళ్లీ లాగ్స్‌కే వెళ్లాం. ఈసారి సగటు గ్రాఫ్ పక్కన పెట్టి, ఒక్కొక్క మనిషి ఏడాది మొత్తాన్ని ఒక్కొక్క గీతగా గీయించాను. ఒక గోడ నిండా అంటించాం. కొన్ని గీతలు నిజంగానే తెగిపోయి ఉన్నాయి. చాలా గీతలు మాత్రం గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. ఒక వారం పదిరోజులు వరుసగా రీడింగులు, తర్వాత రెండు మూడు నెలల ఖాళీ, మళ్లీ ఒక గుత్తి.

అప్పుడు ఆరుగురికి ఫోన్ చేశాం. ఈసారి ప్రశ్న "మామూలుగా" అని మొదలవలేదు. "కిందటిసారి డాక్టర్ దగ్గరికి వెళ్లింది ఎప్పుడు? దానికి ముందు వారం ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పండి." డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఏడు రోజులు పొద్దున, సాయంత్రం చూసుకురమ్మంటారు, అలాగే చూసుకుంటామని అయిదుగురు చెప్పారు. వాళ్లు యాప్ మానేయలేదు. పని ఉన్నప్పుడు తీస్తారు, పని అయ్యాక పక్కన పెడతారు. థర్మామీటర్‌ను రోజూ వాడలేదని ఎవరూ బాధపడరు కదా. ప్రతిరోజూ పంపే రిమైండర్ వాళ్లను విసిగిస్తోంది కూడా.

మార్చినవి, పరీక్షించినవి

మూడు మార్పులు సూచించాం. రీడింగ్‌కు ఒక్క గడి తీసేసి, ఒకసారి కూర్చున్నప్పుడు వచ్చిన రీడింగులన్నీ రాసుకునేలా చేసి, సగటు యాప్ వేయాలి. మొదలుపెట్టేటప్పుడే "ఫోన్, కళ్లజోడు దగ్గర పెట్టుకోండి" అని చెప్పి, తెర ఆరిపోతే ఎం బటన్ ఎక్కడుందో బొమ్మతో చూపించాలి. రోజువారీ రిమైండర్ బదులు డాక్టర్ దగ్గరికి వెళ్లే తేదీ అడిగి, దానికి వారం ముందు గుర్తుచేయాలి.

కొత్త స్క్రీన్లను అయిదుగురి చేత వాడించి, ఎక్కడ తడబడతారో చూసే యూజబిలిటీ టెస్ట్ చేస్తామంటే, "అయిదుగురు సరిపోతారా?" అని అడిగారు. మంచి ప్రశ్న. ఇలాంటి టెస్టుల మీద పరిశోధన చేసిన జేకబ్ నీల్సన్, థామస్ లాండవర్ 1993లో ఇచ్చిన సూత్రం అందరికీ గుర్తుండేది ఆ అయిదు అంకెతోనే. ఒక్కో సమస్య ఒక్కో మనిషికి ఎదురయ్యే అవకాశం సగటున 31 శాతం అనుకుంటే, అయిదుగురితో దాదాపు 85 శాతం సమస్యలు బయటపడతాయి. కానీ ఆ 31 వాళ్లు పరిశీలించిన ప్రాజెక్టుల సగటు. అరుదుగా వచ్చే సమస్యకు అది వర్తించదు. ఎంతమంది వాడతారన్న అంచనాకు అసలే వర్తించదు. పైగా వాడేవాళ్లంతా ఒకే రకం అయినప్పటి మాట అది. మాకు రెండు రకాలు ఉన్నారు. తన బీపీ తానే రాసుకునేవాళ్లు, అమ్మానాన్నల బీపీ రాసిపెట్టే పిల్లలు. అందుకే అయిదుగురు చొప్పున రెండు గుంపులు తీసుకున్నాం. మొదటి గుంపులో ముగ్గురు రెండో రీడింగ్ రాయడానికి వెనక్కి వెళ్లి మొదటిదాన్ని చెరిపేశారు. "ఇంకోటి చేర్చు" బటన్ కీబోర్డు కిందికి వెళ్లిపోవడం దానికి కారణం. ఆ సాయంత్రమే సరిచేశారు.

కొందరికి పాత వెర్షన్, కొందరికి కొత్తది ఇచ్చి ఏది గెలుస్తుందో చూసే ఏ/బీ టెస్ట్ పెడదామన్న మాటా వచ్చింది. నేను వద్దన్నాను. దానికి గెలుపు కొలత ఒకటి కావాలి. ఎక్కువ రీడింగులు రాయడమే గెలుపు అనుకుంటే, బెంగతో రోజుకు పదిసార్లు కొలుచుకునే మనిషి మా గొప్ప విజయంగా కనిపిస్తాడు. అలాంటి కొలతతో నడిపే పరీక్ష ఎంత కచ్చితంగా ఉంటే అంత తప్పు దారి పట్టిస్తుంది.

సర్వే మాత్రం చేశాం, అన్నిటికన్నా చివర్లో. ఏం అడగాలో అప్పటికి తెలుసు. "ఆఖరిసారి బీపీ చూసుకున్నప్పుడు మెషిన్ బటన్ ఎన్నిసార్లు నొక్కారు?", "యాప్‌లో రాసేటప్పుడు మెషిన్ తెర వెలుగుతూ ఉందా?" లాంటి నాలుగే ప్రశ్నలు. మొదట అడిగిన సర్వే చేసి ఉంటే ఇందులో ఒక్కటీ ఉండేది కాదు.

కొత్త వెర్షన్ వెళ్లాక చివరి అంకెల లెక్క మళ్లీ తీయించాను. సున్నాల గుట్ట కరిగింది, పూర్తిగా పోలేదు. మిగిలినవి ఎవరివో విడదీసి చూస్తే ఎక్కువ భాగం పిల్లలు రాసే ఖాతాలవే. ఒక కూతురు చెప్పిన మాట నా నోట్స్‌లో ఉంది. "నాన్న ఫోన్‌లో చెబుతారు, నేను ఇక్కడ రాస్తాను. 'నూట ముప్ఫై దాకా ఉందమ్మా, బానే ఉంది' అంటారు." ఆ అంకె రాసిన మనిషి మెషిన్‌ను చూడనే లేదు. మేం వెళ్లిన ఏడు ఇళ్లలో మెషిన్, ఫోన్ ఒకే ఇంట్లో ఉన్నాయి. వచ్చే విడతలో ఇద్దరం రెండు ఇళ్లకు వెళ్లి, ఆ ఒక్క కాల్‌కు రెండు చివరలా కూర్చోబోతున్నాం.